బోదకాలు గురించి అడిగేవీ, అడగడానికి మొహమాటపడేవీ: తరచుగా అడిగే ప్రశ్నలు

దోమ కాటుతో వచ్చే రోగాలన్నీ ఒక జాతివి కావు. డెంగీ, చికున్‌గున్యా, మెదడువాపు జ్వరం వైరస్‌ల పని. మలేరియా, ఫైలేరియా పరాన్నజీవుల పని. ఈ పేజీలో ఎక్కువ చోటు ఫైలేరియాకే, అంటే బోదకాలుకే ఇచ్చాం. మలేరియా వచ్చినవాడు చలితో వణుకుతూ వారంలోపు ఆసుపత్రికి వెళ్తాడు. ఫైలేరియా సోకినవాడికి సోకిన సంగతే తెలియదు. తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. మలేరియా గురించి తరచూ వచ్చే ప్రశ్నలు చివర్లో ఉన్నాయి.

బోదకాలు అసలు దేనివల్ల వస్తుంది?

వుచరేరియా బాంక్రాఫ్టి అనే సన్నని తెల్లని పురుగు వల్ల. ప్రపంచంలోని ఫైలేరియా కేసుల్లో దాదాపు 90 శాతానికి ఇదే కారణం. మన దేశంలో దాదాపు అన్నీ ఇవే. కేరళలోని చేర్తల ప్రాంతంలో మాత్రం బ్రూజియా మలయీ అనే మరో రకం కూడా కనిపించేది. ఎదిగిన ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది, మగది అందులో సగం కూడా ఉండదు. ఈ జంటలు మన లింఫ్ నాళాల్లో కాపురం పెడతాయి.

లింఫ్ నాళాల పని ఏమిటో గోదావరి డెల్టా రైతుకు ఒక్క మాటలో చెప్పవచ్చు. రక్తనాళాలు పంట కాలువలైతే ఇవి మురుగు కాలువలు. చేనుకు పెట్టిన నీటిలో మిగిలినది మురుగు కాలువలోకి దిగి వెళ్ళిపోవాలి. అలాగే కణాల మధ్య మిగిలిన ద్రవాన్ని ఈ నాళాలు తిరిగి గుండె వైపు చేరవేస్తాయి. పురుగులు తిష్ఠ వేసిన చోట నాళం సాగి వెడల్పవుతుంది, లోపలి కవాటాలు మూసుకోవడం మానేస్తాయి. అప్పుడు కాలిలోని ద్రవం పైకి ఎక్కలేక అక్కడే నిలిచిపోతుంది. చాలామంది అనుకున్నట్టు పురుగు అడ్డం పడి నాళం పూడిపోవడం కాదు. నాళం పనిచేసే శక్తిని కోల్పోవడం.

ఒక్క దోమ కుడితే వచ్చేస్తుందా?

రాదనే చెప్పాలి. మలేరియా విషయంలో ఒక్క కాటు చాలు, ఎందుకంటే ఆ క్రిమి దోమ లాలాజలంలోనే ఉండి, కుట్టినప్పుడు నేరుగా ఒంట్లోకి దిగుతుంది. ఫైలేరియా పిల్లపురుగు అలా దిగదు. దోమ కుడుతున్నప్పుడు దాని తొండం నుంచి చర్మం మీదికి జారి, దోమ చేసిన రంధ్రం వెతుక్కుని లోపలికి పాకాలి. చాలా పిల్లపురుగులు ఆ దారి దొరక్కుండానే చచ్చిపోతాయి. పైగా దోమ ఒంట్లో ఈ పురుగులు ఎదుగుతాయే తప్ప సంఖ్యలో పెరగవు. అందుకే నెలల తరబడి, ఏళ్ళ తరబడి వందలూ వేలూ కాట్లు పడినవారికే సాధారణంగా ఈ రోగం స్థిరపడుతుంది.

సంక్రాంతికి రెండు వారాలు ఊరికి వచ్చి వెళ్ళే ప్రవాసులు దీనికి భయపడనక్కర లేదు. వాళ్ళు భయపడాల్సినవి డెంగీ, మలేరియా.

ఏ దోమ?

మన దగ్గర క్యూలెక్స్. ఇంటి వెనక మురుగు గుంటలో, కదలని డ్రైనేజీలో, సెప్టిక్ ట్యాంకులో పెరిగేది ఇదే. నీళ్ళు ఎంత కంపు కొడితే దానికి అంత ఇష్టం. రాత్రి మనం నిద్రలో ఉండగా కుడుతుంది. డెంగీని తెచ్చే ఏడిస్ దోమ దీనికి పూర్తిగా భిన్నం. అది పగలు కుడుతుంది, శుభ్రమైన నిల్వనీటిలో గుడ్లు పెడుతుంది. శుక్రవారం డ్రై డే పేరుతో కుండలు, తొట్లు బోర్లించడం ఏడిస్ మీద బాగా పనిచేస్తుంది. క్యూలెక్స్‌ను మాత్రం అది పెద్దగా కదిలించదు.

రక్తపరీక్షకు అర్ధరాత్రి వచ్చి లేపుతారెందుకు? పగలు చేయకూడదా?

ఎదిగిన పురుగులు లింఫ్ నాళాల్లో ఉంటాయి కదా, అవి కనే పిల్లలు రక్తంలోకి వస్తాయి. వాటిని మైక్రోఫైలేరియా అంటారు. ఇవి పగలంతా ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య ఒంటి మీది రక్తనాళాల్లో ఎక్కువగా తిరుగుతాయి. క్యూలెక్స్ కుట్టే వేళ కూడా అదే. దోమ వచ్చే సమయానికి బండెక్కడానికి సిద్ధంగా ఉంటాయన్నమాట. దీనికి సాక్ష్యం పసిఫిక్ దీవుల్లో ఉంది. పాలినేసియాలో ఇదే పురుగును పగలు కుట్టే ఏడిస్ జాతి దోమ మోస్తుంది, అక్కడ మైక్రోఫైలేరియా పగటిపూట కూడా రక్తంలో తిరుగుతాయి. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవారిలో కూడా ఈ వేళలు తారుమారు కావచ్చు.

సర్వే బృందం వేలిని సూదితో గుచ్చి గాజు పలక మీద మందంగా రక్తం పూస్తుంది. ఆరాక రంగు వేసి చూస్తే సన్నని తొడుగులో వంపు తిరిగిన పిల్లపురుగు నీలంగా కనబడుతుంది. తాజా రక్తపు చుక్కలో చూడగలిగితే దృశ్యం ఇంకోలా ఉంటుంది. ఎర్రకణాలు ఒక్కసారిగా చెదిరి పక్కకు జరుగుతుంటాయి, ఆ సందులో అది మెలికలు తిరుగుతూ కొట్టుకుంటూ ఉంటుంది. ఒకసారి కళ్ళారా చూసినవారెవరూ మళ్ళీ మాత్రలు వద్దనరు.

ఇప్పుడు పగలు చేయగలిగే పరీక్ష కూడా వచ్చింది. పెద్దపురుగు విడుదల చేసే యాంటిజెన్ అనే పదార్థాన్ని పట్టీ మీద పది నిమిషాల్లో చూపించే కిట్ అది. ఊళ్ళో వ్యాప్తి ఆగిందో లేదో తేల్చడానికి ఆరేడేళ్ళ పిల్లలను ఈ పట్టీతోనే పరీక్షిస్తారు. చిన్నపిల్లలనే ఎందుకంటే, వాళ్ళలో కనబడితే అది ఇటీవల సోకినదే అయి ఉండాలి.

నా కాళ్ళు బాగానే ఉన్నాయి. నేనెందుకు మాత్రలు మింగాలి?

ఈ పేజీలోని ప్రశ్నలన్నింటిలో ముఖ్యమైనది ఇదే. ఆశా కార్యకర్త మాత్రలు పట్టుకుని గుమ్మంలో నిలబడినప్పుడు ఎక్కువ ఇళ్ళలో వినబడేదీ ఇదే.

ఫైలేరియా సోకినవారిలో ఎక్కువమందికి పైకి ఏ లక్షణమూ ఉండదు. పొలానికి వెళ్తారు, ఆఫీసుకు వెళ్తారు, కబడ్డీ ఆడతారు. కానీ వాళ్ళ రక్తంలో రాత్రిపూట వేల మైక్రోఫైలేరియా తిరుగుతుంటాయి. ఆ ఇంట్లో దోమకు పురుగులు దొరికేది వాళ్ళ దగ్గరే. విచిత్రమేమిటంటే కాలు బాగా వాచిన ముసలివారి రక్తంలో చాలాసార్లు మైక్రోఫైలేరియా ఉండనే ఉండవు. పురుగు తన పని ఎప్పుడో ముగించుకుని చచ్చిపోయి ఉంటుంది. ఊళ్ళో రోగాన్ని పంచిపెడుతున్నది మనం జాలిపడే ఆ పెద్దాయన కాకపోవచ్చు, ఆయన పక్కన నిలబడ్డ ఆరోగ్యవంతుడైన కుర్రాడు కావచ్చు. అందుకే మాత్రలు అందరికీ ఇస్తారు.

రెండో కారణం, పెద్దపురుగు ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది. ఏటా ఇచ్చే మాత్ర పిల్లపురుగులను తుడిచిపెడుతుంది, పెద్దపురుగులన్నింటినీ చంపదు. అందుకే కనీసం ఐదేళ్ళ పాటు ఏటేటా వేస్తూ వెళ్ళాలి. ఆ లోపు దోమలకు రక్తంలో పురుగులు దొరక్కపోతే గొలుసు తెగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రతి ఏడూ మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది నిజంగా మింగితేనే ఫలితం ఉంటుంది. మింగితేనే అని ఎందుకు నొక్కి చెప్పాలంటే, మన దగ్గర మాత్రలు తీసుకునేవారికీ మింగేవారికీ మధ్య తేడా ఎప్పుడూ ఉంది. "భోంచేశాక వేసుకుంటానమ్మా, అక్కడ పెట్టి వెళ్ళు" అన్న మాటతో టీవీ పక్కన చేరిన మాత్రలు అక్కడే బూజు పడతాయి. ఎదురుగా మింగమని కార్యకర్త పట్టుబడితే ఆమెను విసుక్కోకండి. ఆమెకు చెప్పిన పద్ధతే అది.

ఏ మాత్రలు ఇస్తారు? ఎన్ని?

డీఈసీ (డైఇథైల్ కార్బమజైన్), ఆల్బెండజోల్. మన దేశంలో 2004 నుంచి సామూహికంగా డీఈసీ ఇస్తున్నారు, 2007లో ఆల్బెండజోల్‌ను జతచేశారు. డీఈసీ 100 మిల్లీగ్రాముల మాత్రలు రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వారికి రెండు, పదిహేను దాటినవారికి మూడు. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది ఒకటి, నమిలి మింగాలి. ఇది కడుపులో నులిపురుగులను కూడా దించుతుంది. అందువల్ల ఫైలేరియా లేని పిల్లవాడికీ ఆ పూట లాభమే.

2018 నుంచి కొన్ని జిల్లాల్లో మూడో మందుగా ఐవర్‌మెక్టిన్ కలుపుతున్నారు. మూడూ కలిసినప్పుడు రక్తంలోని పిల్లపురుగులు చాలా ఎక్కువ కాలం తిరిగి రావు, అందుచేత తక్కువ విడతలతో పని ముగుస్తుంది. ఐవర్‌మెక్టిన్ మోతాదును ఎత్తు కొలిచి నిర్ణయిస్తారు. గోడ మీద గీతలు గీసి పిల్లలను నిలబెట్టేది అందుకే.

ఏ మాత్రా ఖాళీ కడుపున వద్దు.

ఎవరు వేసుకోకూడదు?

రెండేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో మంచాన ఉన్నవారు. ఐవర్‌మెక్టిన్ అయితే ఐదేళ్ళ లోపు పిల్లలకూ, కాన్పయిన తొలివారంలో ఉన్న తల్లులకూ ఇవ్వరు. బీపీ, షుగర్ అదుపులో ఉన్నవారు నిక్షేపంగా వేసుకోవచ్చు. ఈ ఒక్క అపోహ వల్ల ఏటా ఎంతోమంది పెద్దవాళ్ళు తప్పుకుంటున్నారు.

పోయినసారి వేసుకుంటే తల తిరిగింది, జ్వరం వచ్చింది. మళ్ళీ వేసుకోవాలా?

వేసుకోవాలి, ఇంకా చెప్పాలంటే మీలాంటివారే తప్పకుండా వేసుకోవాలి. ఆ జ్వరం, తలనొప్పి, వికారం ఎక్కువగా మందు వల్ల కాదు, ఒంట్లో ఒక్కసారిగా చచ్చిన మైక్రోఫైలేరియా వల్ల వచ్చేవి. అంటే మీ రక్తంలో అవి ఉండి ఉండవచ్చన్నమాట. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా మాత్రం ఇంట్లో కూర్చోకుండా వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. సామూహిక పంపిణీ రోజుల్లో అక్కడ ఇలాంటి వాటి కోసమే బృందాలను సిద్ధంగా ఉంచుతారు.

కాలు వాచిపోయింది. ఇప్పుడు ఆ మాత్రలు వేసుకుంటే తగ్గుతుందా?

తగ్గదు. ఈ మాట ముందే సూటిగా చెప్పకపోవడం వల్లే ఎంతోమంది నెలల తరబడి డీఈసీ మింగి, కాలు అలాగే ఉండటం చూసి, మందు పనికిరానిదని తేల్చేస్తారు. మందు పురుగు మీద పనిచేస్తుంది. దెబ్బతిన్న నాళాన్ని అది బాగుచేయదు.

అలాగని చేయగలిగిందేమీ లేదని కాదు. కాలు పెరుగుతూ పోవడానికి అసలు కారణం పురుగు కంటే ఎక్కువగా బ్యాక్టీరియా. లింఫ్ ప్రవాహం మందగించిన కాలికి క్రిములతో పోరాడే బలం తగ్గుతుంది. వేళ్ళ సందుల్లో ఒరుపు, మడమ పగులు, గోకిన గీత, ఏ చిన్న సందు దొరికినా బ్యాక్టీరియా లోపలికి పోతుంది. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ, కాలు ఎర్రబడి నిప్పులా మండటం, నాలుగైదు రోజులు మంచం. ప్రతి జ్వరం తర్వాత కాలు కొంచెం లావవుతుంది, చర్మం కొంచెం గట్టిపడుతుంది. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో డాక్టర్ జెరూసా డ్రేయర్ ఏళ్ళ తరబడి ఇలాంటి రోగులనే చూసి, ఆ జ్వరాలను ఆపితే కాలి పెరుగుదల ఆగుతుందని చూపించారు. ఆపడానికి కావలసినవి సబ్బు, నీళ్ళు, ఓపిక.

కాలు కడుక్కోమంటే రోజూ కడుక్కుంటూనే ఉన్నాం కదా?

కాళ్ళ మీద నీళ్ళు పోసుకోవడం వేరు, ఇది వేరు. ఒక స్టూలు మీద కూర్చోండి. మంచి వెలుతురు ఉండాలి. ముందు కాలంతా కళ్ళతో వెతకండి: పగులు ఉందా, పుండు ఉందా, మడతల్లో తెల్లగా నానిన చర్మం ఉందా. మీకు అందకపోతే ఇంట్లో ఒకరిని చూడమనండి. చల్లని శుభ్రమైన నీటితో తడిపి, మామూలు ఒంటి సబ్బు నురగ చేతికి రాసుకుని పైనుంచి కిందికి మెల్లగా రుద్దండి. బ్రష్షు, పీచు వద్దు. అసలు పని వేళ్ళ సందుల్లో, చర్మం ముడతల్లో ఉంటుంది. ఒక్కో సందులోకి వేలు పోనిచ్చి, లేదా పలుచని మెత్తని గుడ్డ దూర్చి శుభ్రం చేయాలి. కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా పోయండి.

ఇక్కడితో సగమే అయింది. తుడవడం మిగిలిన సగం. తువ్వాలుతో రుద్దకుండా అద్దుతూ తడి తీసేయండి, వేళ్ళ సందులు పొడిగా అయ్యాయని తేల్చుకునేదాకా లేవకండి. సందుల్లో ఒరుపు ఉంటే డాక్టరు రాసిచ్చిన ఫంగస్ క్రీము, పగులు ఉంటే యాంటీబయాటిక్ క్రీము రాయండి. కూర్చున్నప్పుడు కాలు పీట మీద పెట్టుకోండి, పడుకున్నప్పుడు పరుపు కింద కాళ్ళ వైపు ఇటుకలో దిండో పెట్టి ఎత్తు చేయండి. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగాకే అలా ఎత్తు పెట్టాలి. కుర్చీలో ఉండగానే మడమలు పైకెత్తి దించడం, పాదాన్ని గుండ్రంగా తిప్పడం చేస్తూ ఉండండి. చెప్పు వెడల్పుగా, గాలి ఆడేదిగా, ఒరుసుకోనిదిగా ఉండాలి. వరిపొలం బురదలోకి ఉత్తకాళ్ళతో దిగాల్సి వచ్చినవారు ఇంటికి రాగానే మొదట చేయాల్సింది ఈ కడుగుడే.

రోజూ చేసేవారికి ఏడాది తిరిగేసరికి జ్వరాలు ఎంత తగ్గాయో వాళ్ళే చెబుతారు. ప్రభుత్వం ఇచ్చే కిట్‌లో టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, క్రీము ఉండేది అందుకే. ఆ టబ్బులో బియ్యం పోసుకున్న ఇళ్ళు లేకపోలేదు.

అమావాస్యకు, పున్నమికి జ్వరం వస్తుంది. ఎందుకు?

చంద్రుడికి దీనితో పనిలేదు. బ్యాక్టీరియా లోపలికి పోయినప్పుడల్లా వస్తుంది. వచ్చినప్పుడు కాలు ఎత్తులో పెట్టి పడుకోండి, తడిగుడ్డ వేయండి, నీళ్ళు బాగా తాగండి, పారాసిటమాల్ వేసుకోండి, డాక్టరు దగ్గర యాంటీబయాటిక్ తీసుకోండి. వేడి కాపడం, కత్తితో గంట్లు పెట్టించడం, పసరు కట్టించడం వద్దు. జ్వరం తగ్గాక కాలు మీద ఏ సందు నుంచి అది వచ్చిందో వెతకండి. దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది.

వరిబీజం కూడా దీనివల్లేనా?

చాలాసార్లు అవును. మగవారిలో ఫైలేరియా ఎక్కువగా చూపించే లక్షణం కాలి వాపు కాదు, వరిబీజమే. బుడ్డ అని కూడా అంటారు. ప్రపంచంలో 2 కోట్ల 50 లక్షల మంది పురుషులు దీనితో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పెద్దపురుగులకు వృషణాల పైనున్న లింఫ్ నాళాలంటే ప్రత్యేకమైన ఇష్టం. అక్కడ అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే బతికున్న పురుగులు ఎడతెరిపి లేకుండా కదులుతూ కనబడతాయి. వైద్యులు దాన్ని ఫైలేరియా నాట్యం అంటారు.

దాచుకోవాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు. వాచిన కాలికి లేని అదృష్టం దీనికి ఉంది: ఒక చిన్న శస్త్రచికిత్సతో నయమవుతుంది. పదేళ్ళు పంచె చాటున మోసి, నడవలేని స్థితిలో వచ్చేవారిని చూస్తే బాధ కలుగుతుంది. సూదితో నీరు తీయించుకోవడం మాత్రం మానండి. అది మళ్ళీ నిండుతుంది, పైగా లోపల చీము పట్టే ప్రమాదం ఉంది.

ఆడవారికి వస్తుందా?

వస్తుంది. కాళ్ళకు, చేతులకు, కొందరికి రొమ్ముకు కూడా.

రాత్రిపూట ఎడతెగని దగ్గు, పిల్లికూతలు. ఉబ్బసం మందులకు తగ్గడం లేదు. ఫైలేరియాకు దీనికి సంబంధముందా?

ఉండవచ్చు. కొందరి ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ మైక్రోఫైలేరియా మీద అతిగా విరుచుకుపడుతుంది. ఆ పోరు ఊపిరితిత్తుల్లో జరగడంతో రాత్రి దగ్గు, ఆయాసం వస్తాయి. రక్తంలో ఈసినోఫిల్ అనే తెల్లకణాలు విపరీతంగా పెరుగుతాయి. ఫైలేరియా ఉన్న ప్రాంతంలో పెరిగినవారిలో ఇలా ఉంటే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి, విదేశంలో ఉంటే మరీ తప్పకుండా చెప్పండి, ఎందుకంటే అక్కడి వైద్యుడికి ఈ ఆలోచన రాకపోవచ్చు. మూడు వారాల డీఈసీ కోర్సుకు ఇది బాగా లొంగుతుంది. పాలలా తెల్లని మూత్రం పోవడం కూడా ఫైలేరియా లక్షణమే, కాకపోతే అరుదు.

అంటుకుంటుందా? వంశంలో ఉంటే పిల్లనివ్వకూడదంటారు?

అంటుకోదు. వంశపారంపర్యం కాదు. కలిసి తిన్నా, కలిసి పడుకున్నా, ఆ కాలిని చేత్తో కడిగినా రాదు. ఒకే ఇంట్లో తాతకు, తండ్రికి, కొడుక్కు వచ్చిందంటే ముగ్గురూ ఒకే మురుగు కాలువ పక్కన పడుకున్నారని అర్థం. సంబంధం చూడటానికి వెళ్ళినవారు అబ్బాయి తండ్రి కాలు చూసి వెనక్కి తిరగడం కంటే ఆ ఇంటి వెనక డ్రైనేజీ చూడటం మేలు.

డీఈసీని కనిపెట్టింది తెలుగువాడని విన్నాం. నిజమేనా?

నిజమే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా, 1947లో ఆయన బృందం ఈ మందును బయటికి తెచ్చింది. హెట్రజాన్ పేరుతో వచ్చింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. ఫైలేరియా పుట్టిల్లు అనదగ్గ డెల్టాలో పుట్టిన మనిషి దానికి మందు కనిపెట్టారు, ఆ మందు తెలుగువారి గుమ్మాల్లో ఉచితంగా ఇస్తుంటే వద్దనేవారు ఉన్నారు.

దోమ ఫైలేరియాను మోస్తుందని కనిపెట్టినది మాత్రం స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ మాన్సన్, 1877లో, చైనాలోని అమోయ్‌లో. కీటకం ఒక మనిషి రోగానికి వాహకం కాగలదని తేలడం అదే మొదలు. అయితే దోమ నీళ్ళలో పడి చచ్చాక ఆ నీళ్ళు తాగడం వల్ల రోగం వస్తుందని ఆయన అనుకున్నారు. కాటు ద్వారానే వస్తుందని 1900 ప్రాంతంలో గానీ తేలలేదు.

మలేరియా క్రిమిని దోమలో చూసింది సికింద్రాబాద్‌లోనే కదా?

అవును. 1897 ఆగస్టు 20న, బేగంపేటలో. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, మలేరియా రోగి హుస్సేన్ ఖాన్‌ను కుట్టిన దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా క్రిమి ఎదుగుతుండటం చూశాడు. ఆ రోజునే ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి దోమ లాలాజల గ్రంథుల దాకా ఆ దారిని గుర్తించాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆయనను ఈ దారిలో పెట్టిన గురువు మాన్సనే.

చలిజ్వరం తగ్గింది, రెండు నెలలకు మళ్ళీ వచ్చింది. మందు పనిచేయలేదా?

ఎక్కువగా మందు సగంలో ఆపేయడమే కారణం. మన దగ్గర ప్రధానంగా రెండు రకాల మలేరియా ఉంది. ఫాల్సిపారం ప్రాణాంతకం, మెదడుకు ఎక్కేది అదే. పాడేరు, అరకు, భద్రాచలం మన్యంలో ఎక్కువగా భయపెట్టింది ఇదే. వైవాక్స్ అంత ప్రాణాంతకం కాదు గానీ దానికో కపటం ఉంది. కొన్ని క్రిములు కాలేయంలో నిద్రపోతాయి, వారాలకో నెలలకో లేచి మళ్ళీ జ్వరం తెస్తాయి. క్లోరోక్విన్ రక్తంలోని వాటిని చంపుతుంది, నిద్రపోయేవాటిని చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. జ్వరం మూడో రోజుకే తగ్గడంతో మిగతా పదకొండు రోజుల మాత్రలు పొట్లంలోనే మిగిలిపోతాయి.

ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వరు. జీ-6-పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారిలో రక్తకణాలు పగిలిపోతాయి కాబట్టి వీలైతే ముందే ఆ పరీక్ష చేయించాలి. మందు వాడుతుండగా మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళండి.

వీటికి టీకాలు లేవా?

ఫైలేరియాకు లేదు. మలేరియాకు రెండు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆర్‌టీఎస్‌-ఎస్‌ను, 2023లో ఆర్‌21ను సిఫార్సు చేసింది. రెండోది ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు రూపొందించినది, పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారవుతుంది. అయితే ఇవి ప్రధానంగా ఆఫ్రికాలోని చిన్నపిల్లల కోసం. 2023లో ప్రపంచమంతటా మలేరియాతో చనిపోయిన సుమారు 5 లక్షల 97 వేల మందిలో దాదాపు 95 శాతం ఆ ఖండంలోనే పోయారు, వారిలో ఎక్కువమంది ఐదేళ్ళ లోపువారు.

ఉద్యోగం మీద ఆఫ్రికా వెళ్తున్నాను. ఇక్కడ చిన్నప్పుడు మలేరియా వచ్చింది, కాబట్టి తట్టుకుంటాను కదా?

తట్టుకోలేరు. ఆ రోగనిరోధక శక్తి అరకొరదే, కాట్లు ఆగిన కొద్దికాలానికే అదీ పోతుంది. వెళ్ళేముందు డాక్టరును కలిసి ముందస్తు మందు తీసుకోండి. వాటిని ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక కూడా మందును బట్టి వారం నుంచి నాలుగు వారాలు కొనసాగించాలి. వచ్చాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా ఆఫ్రికా వెళ్ళొచ్చానని డాక్టరుకు మొదటి వాక్యంలోనే చెప్పండి.

ఇంకో జాగ్రత్త. కామెరూన్, కాంగో వంటి మధ్య ఆఫ్రికా దేశాల్లో లోవా లోవా అనే మరో ఫైలేరియా పురుగు ఉంది. దాన్ని దోమ కాదు, ఒక రకం ఈగ మోస్తుంది. అది రక్తంలో ఎక్కువగా ఉన్నవారు డీఈసీ గానీ ఐవర్‌మెక్టిన్ గానీ వేసుకుంటే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అక్కడ ఏళ్ళ తరబడి ఉండి వచ్చినవారు మన ఊరి సామూహిక పంపిణీలో మాత్ర మింగేముందు డాక్టరుతో మాట్లాడాలి.

మున్సిపాలిటీవాళ్ళు పొగ కొడుతూనే ఉన్నారు, దోమలు తగ్గవేమి?

ఫాగింగ్ ఆ నిమిషంలో ఎగురుతున్న దోమలను చంపుతుంది, అంతే. నీళ్ళలో ఉన్న పిల్లలు మరో వారంలో రెక్కలతో బయటికి వస్తాయి. కంటికి కనబడుతుంది, చప్పుడు చేస్తుంది కాబట్టి కౌన్సిలర్లకు ఇష్టం. పని జరగాల్సింది డ్రైనేజీలో: పూడిక తీయడం, నీరు కదిలేలా చేయడం, నిలిచిన చోట లార్వాలను (దోమ పిల్లలను) చంపే మందో, నూనెలో నానబెట్టిన ఆయిల్ బాల్సో వేయడం. ఇంటివరకు అయితే సెప్టిక్ ట్యాంకు పలకల సందులు సిమెంటుతో మూయించండి, గాలి గొట్టం మూతికి దోమల వల ముక్క చుట్టి తీగతో బిగించండి. పది రూపాయల పని ఇది. వేల దోమలు పుట్టే చోటు మూతపడుతుంది. రాత్రికి దోమతెర.

ఇంతకీ ఏ దేశమైనా దీన్ని వదిలించుకుందా?

చాలా. చైనా 2007లో, దక్షిణ కొరియా 2008లో, శ్రీలంక, మాల్దీవులు 2016లో, థాయ్‌లాండ్, ఈజిప్టు, టోగో 2017లో, బంగ్లాదేశ్, లావోస్ 2023లో, బ్రెజిల్ 2024లో. చైనా చాలా ప్రాంతాల్లో ఉప్పులో డీఈసీ కలిపి పంచింది.  మన దేశం గడువును 2027గా పెట్టుకుంది.

పింఛను వస్తుందా? ఎక్కడ అడగాలి?

తెలంగాణలో ఆసరా పింఛన్లలో బోదకాలు బాధితులు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో రెండు కాళ్ళకూ తీవ్రస్థాయిలో వచ్చినవారికి పింఛను ఉంది. రెండు చోట్లా వాపు స్థాయిని ప్రభుత్వ వైద్యుడు నిర్ధారించాలి. ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫైలేరియా రోగుల జాబితాలో పేరు రాయించుకోండి. కాలు కడుక్కునే కిట్టుకు, శస్త్రచికిత్సకు, పింఛనుకు ఆ జాబితానే ఆధారం. ఆధార్ కార్డు పట్టుకెళ్ళండి, వెళ్ళిన రోజునే వరిబీజం సంగతి కూడా చెప్పేయండి.